చేతికి తెలిసినది నోటికి అందదు

ఛార్జింగ్ ఎక్కడం లేదని ఫోన్ రిపేరు షాపుకు తీసుకువెళ్తే, అక్కడి కుర్రవాడు "ప్యాటర్న్ చెప్పండి సార్" అని అడుగుతాడు. రోజుకు కొన్ని పదుల సార్లు గీసే గీతే అయినా, అడిగిన క్షణాన చాలామంది తడబడతారు. గాలిలో వేలు కదిపి చూసుకుంటారు, లేదంటే "ఇటివ్వు బాబూ, నేనే తీసి ఇస్తాను" అని ఫోన్ వెనక్కి తీసుకుంటారు. ఏటీఎం పిన్ విషయంలోనూ ఇలాగే జరుగుతుంది: మీటల మీద వేళ్లు తడుముకోకుండా వెళ్తాయి, ఆ అంకెలను కాగితం మీద రాయమంటే మాత్రం ముందు ఆ మీటల పలకను కళ్ల ముందుకు తెచ్చుకోవలసి వస్తుంది. మరచిపోయారా అంటే మరచిపోలేదు. గుర్తుందా అంటే, గుర్తుంది అనడానికి మనం సాధారణంగా చూపించే రుజువు ఏదీ వారి దగ్గర లేదు.

జ్ఞాపకం అనగానే మన మనసులో మెదిలేది ఒక పెట్టె: అందులో దాచుకున్నవి, అవసరమైనప్పుడు తీసి చూసుకునేవి. పెళ్లిరోజు, పానిపట్టు యుద్ధం జరిగిన సంవత్సరం, నిన్న రాత్రి తిన్న కూర, చిన్ననాటి స్నేహితుడి ఇంటిపేరు ఇలా తీసి చూసుకోగలిగినవే. సైకిలు తొక్కడం, ఈదడం, పూలు కట్టడం, అట్టు తిరగేయడం, కారు గేరు మార్చడం అలాంటివి కావు. అవి ఎక్కడో దాచి ఉన్న సమాచారం కాదు, చేస్తున్నప్పుడు మాత్రమే బయటపడే సామర్థ్యం. బ్రిటిష్ తత్వవేత్త గిల్బర్ట్ రైల్ 1949లోనే ఒక విషయం తెలియడం వేరు, ఒక పని చేయడం తెలియడం వేరు అని వాదించాడు. అప్పటికి అది తాత్విక చర్చే. ఈ రెండూ మెదడులో నిజంగానే వేర్వేరు ఏర్పాట్ల మీద ఆధారపడి ఉన్నాయని తేలడానికి ఒక మనిషి జీవితం దెబ్బతినవలసి వచ్చింది.

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో హెన్రీ మోలైసన్ అనే యువకుడు తీవ్రమైన మూర్ఛవ్యాధితో బాధపడేవాడు. మందులకు లొంగని ఆ మూర్ఛలను అదుపు చేయాలన్న ఉద్దేశంతో 1953లో, అతనికి 27 ఏళ్ల వయసులో, హార్ట్‌ఫర్డ్ నగరంలో విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు అతని మెదడుకు రెండు పక్కలా కణతల లోపలి భాగాన్ని, అందులో ఉండే హిప్పోక్యాంపస్‌లో చాలా మేరకు, తొలగించాడు. మూర్ఛలు తగ్గాయి. అయితే ఆ రోజు తర్వాత జరిగిన ఏ సంఘటనా, పరిచయమైన ఏ మనిషీ అతని మనసులో నిలవకుండా పోయారు. గదిలోకి వచ్చి అరగంట మాట్లాడిన వైద్యురాలు కాసేపు బయటకు వెళ్లి తిరిగివస్తే, అతనికి ఆమె మళ్లీ కొత్త మనిషే. తెలివితేటలు తగ్గలేదు, మాట పోలేదు, చిన్ననాటి సంగతులు చాలావరకు మిగిలే ఉన్నాయి. కొత్తగా ఏదైనా జ్ఞాపకంగా మారే దారి మాత్రం మూసుకుపోయింది. స్కోవిల్, మాంట్రియల్‌కు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ కలిసి 1957లో ప్రచురించిన పత్రం ఈ సంగతిని ప్రపంచానికి తెలిపింది. 2008లో 82 ఏళ్ల వయసులో చనిపోయేవరకు శాస్త్రలోకానికి అతను హెచ్.ఎం. అనే రెండు అక్షరాలుగానే పరిచయం.

ఈ కథలో మనకు కావలసిన మలుపు మిల్నర్ పెట్టిన ఒక చిన్న పరీక్ష దగ్గర ఉంది. కాగితం మీద ఒకదానిలో ఒకటిగా రెండు నక్షత్రాల గీతలు ఉంటాయి, వాటి మధ్య ఉన్న సన్నని సందులో పెన్సిలుతో గీసుకుంటూ చుట్టూ తిరిగిరావాలి. అయితే కాగితాన్నీ చేతినీ నేరుగా చూడకూడదు, ఎదురుగా ఉన్న అద్దంలో మాత్రమే చూడాలి. ఎవరైనా ఇంట్లో ప్రయత్నించి చూడవచ్చు: పైకి గీయబోతే చేయి కిందికి పోతుంది, మూల తిరిగే చోట పెన్సిలు మొరాయిస్తుంది. ఆరోగ్యవంతులు పదేపదే చేసి దీన్ని నేర్చుకుంటారు. హెచ్.ఎం.కు రోజుకు పది సార్ల చొప్పున మూడు రోజుల పాటు ఈ పరీక్ష పెట్టారు. మొదటి రోజు ఎన్నో తప్పులు చేశాడు, పోనుపోను తగ్గాయి. రెండో రోజు మొదటి ప్రయత్నం నిన్నటి చివరి ప్రయత్నానికి దగ్గరలోనే మొదలైంది. మూడో రోజుకు దాదాపు తప్పు లేకుండా గీశాడు. అయినా ప్రతిరోజూ, ఆ అద్దం ముందు కూర్చోవడం తన జీవితంలో అదే మొదటిసారి అన్నట్టుగానే కూర్చున్నాడు. చివరికి తాను గీసినది చూసి, ఇది కష్టంగా ఉంటుందనుకుంటే ఇంత బాగా వచ్చిందేమిటని అతనే ఆశ్చర్యపోయాడని మిల్నర్ చెప్పేవారు. నేర్చుకున్న చేయి అతనిదే, నేర్చుకున్నానన్న సంగతి మాత్రం అతనికి తెలియదు.

దీన్ని ఒక్క రోగికి పరిమితమైన వింతగా కొట్టిపారేసే అవకాశం ఉండేది. 1980లో నీల్ కోహెన్, లారీ స్క్వైర్ అనే పరిశోధకులు మతిమరుపు రోగులకు అద్దంలో కనిపించే తిరగబడిన అక్షరాలను చదవడం నేర్పి చూశారు. మిగతావాళ్లలాగే వాళ్లూ వేగం పుంజుకున్నారు, మూడు నెలల తర్వాత పిలిచి చూసినా ఆ వేగం నిలిచే ఉంది. కానీ తాము చదివిన మాటలేవో, అసలు ఆ సాధన చేశామో లేదో చెప్పలేకపోయారు. అప్పటి నుంచి ఈ రెండో రకానికి ప్రొసీజరల్ మెమరీ అన్న పేరు స్థిరపడింది. తెలుగులో దీనికి అందరూ ఒప్పుకున్న మాట ఇంకా లేదు కాబట్టి ఈ వ్యాసంలో నైపుణ్య స్మృతి అనీ, సంఘటనలూ వివరాలూ గుర్తుండే మొదటి రకాన్ని విషయ స్మృతి అనీ పిలుద్దాం.

ఒకటి పోయినా రెండోది మిగిలిందంటే రెండూ వేరని గట్టిగా చెప్పలేం. బహుశా రెండోది తేలికైనది కావచ్చు, అందుకే దెబ్బ తట్టుకుని ఉండవచ్చు. వేరు అని తేల్చాలంటే తిరగేసిన సందర్భం కూడా కనబడాలి, అంటే విషయ స్మృతి చక్కగా ఉండి నైపుణ్య స్మృతి దెబ్బతిన్నవాళ్లు కావాలి. 1996లో బార్బరా నోల్టన్, జెన్నిఫర్ మాంగెల్స్, స్క్వైర్ చేసిన ప్రయోగం అలాంటివాళ్లను చూపించింది. కొన్ని బొమ్మల కార్డులు చూపి, ఎండా వానా అని ఊహించమంటారు. కార్డులకూ ఫలితానికీ ఉన్న సంబంధం కచ్చితమైనది కాదు, కొన్నిసార్లు తప్పుతుంది, కాబట్టి సూత్రం బట్టీపట్టి లాభం లేదు. చేస్తూ పోతే తెలియకుండానే ఒక అంచనా కుదురుతుంది. మతిమరుపు రోగులు తొలి విడతలో అందరిలాగే ఆ అంచనాకు అలవాటుపడ్డారు, కానీ పరీక్ష గురించి అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయారు. కదలికలు మందగించే పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారు పరీక్ష వివరాలన్నీ చక్కగా చెప్పారు, అంచనా మాత్రం వారికి ఆ విడతలో పట్టుబడలేదు. వాన ఊహించే ఆట ఒక చేతిపని కాదన్నది ఇక్కడ గమనించాలి. నైపుణ్య స్మృతి కాళ్లూ చేతుల వ్యవహారం మాత్రమే కాదు, మళ్లీమళ్లీ ఎదురయ్యే సందర్భాలకు తగిన స్పందనను అప్రయత్నంగా ఎంచుకోవడం కూడా అందులో భాగమే.

ఆ మేరకు, జిమ్ములలో తరచూ వినిపించే "మజిల్ మెమరీ" అన్న మాట తప్పుదోవ పట్టిస్తుంది. కండరాలకు తమదైన ఒక రకపు గుర్తు ఉంది. ఒకసారి వ్యాయామంతో పెరిగిన కండ తగ్గిపోయినా, మళ్లీ మొదలుపెడితే మొదటిసారి కంటే త్వరగా పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అది బలానికి సంబంధించిన సంగతి. వీణ తీగ మీద ఏ మెట్టు దగ్గర ఎంత నొక్కాలో కండరానికి తెలియదు. దానికి ఆ ఆదేశం పంపే మెదడుకు తెలుసు.

ఆ పని మెదడులో ఒక్క చోట జరగదు. వెనుక భాగంలో, మెడ పైన ఉండే చిన్నమెదడు ఇందులో మొదటి పాత్రధారి. పేరుకు చిన్నది, మొత్తం మెదడు బరువులో పదోవంతు. కానీ మనిషి మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో దాదాపు 6,900 కోట్లు ఇక్కడే ఉన్నాయని 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. దీని పని తప్పుల నుంచి నేర్చుకోవడం. దృశ్యాన్ని ఒక పక్కకు జరిపి చూపే పట్టకపు కళ్లద్దాలు పెట్టుకుని గురిచూసి బంతి విసిరితే మొదట పక్కకు పోతుంది. పాతిక ముప్ఫై సార్లు విసిరేసరికి గురి కుదురుతుంది. అప్పుడు కళ్లద్దాలు తీసేస్తే బంతి రెండో పక్కకు పోతుంది, ఎందుకంటే కళ్లద్దాలు లేవని మనకు తెలిసినా చేతికి ఇంకా తెలియదు. చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్లలో ఈ సర్దుబాటు సరిగా జరగదు, అందువల్ల కళ్లద్దాలు తీశాక ఎదురయ్యే ఆ రెండో తప్పు కూడా వారిలో అంతగా కనిపించదు. అనుకున్న కదలికకూ జరిగిన కదలికకూ మధ్య ఉన్న తేడాను చిన్నమెదడులోని పుర్కింజే కణాలకు ఒక ప్రత్యేకమైన నాడీతంతువు చేరవేస్తుందని, ఆ సంకేతం అందినప్పుడు తప్పుకు కారణమైన కణసంధులు (ఒక నాడీకణం నుంచి మరొకదానికి సంకేతం అందే చోట్లు) బలహీనపడతాయని డేవిడ్ మార్ 1969లోనూ జేమ్స్ ఆల్బస్ 1971లోనూ ప్రతిపాదించిన సిద్ధాంతాలను ఆధారం చేసుకుని చెబుతారు. అయితే ఇద్దరిలో మార్ ఆ సంధులు బలపడతాయని ఊహించాడు, బలహీనపడతాయన్నది ఆల్బస్. 1982లో జపాన్ శాస్త్రవేత్త మసావో ఇటో ప్రయోగంలో బలహీనపడటమే కనిపించింది. తర్వాతి పరిశోధనలు ఇది ఒక్కటే మార్గం కాదని చూపినా, నేర్చుకోవడమంటే కొత్తది చేర్చుకోవడం ఒక్కటే కాదు, అనవసరమైనదాన్ని చెరిపేసుకోవడం కూడా అన్న ఆలోచన ఇప్పటికీ నిలబడి ఉంది.

రెండో పాత్రధారి మెదడు లోపలి పొరల్లో ఉండే బేసల్ గాంగ్లియా, అందులోనూ ముఖ్యంగా స్ట్రయాటమ్ అనే భాగం. ఎంపిక చేయడం, వరుస కట్టడం దీని పని. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆన్ గ్రేబియెల్ బృందం ఎలుకలను ఇంగ్లీషు T అక్షరం ఆకారపు దారిలో పరుగెత్తించి ఈ భాగంలోని కణాల సంకేతాలను విన్నది. కొత్తలో దారి పొడుగునా కణాలు సంకేతాలు వెలువరించాయి. ఎలుకకు దారి బాగా అలవాటయ్యాక, బయలుదేరే చోట ఒకసారి, గమ్యం చేరినప్పుడు ఒకసారి గట్టిగా పలికి, మధ్యలో సద్దుమణిగాయి. విడివిడి అడుగులన్నీ కలిసి ఒకే మూటగా మారాయని, మూట విప్పేటప్పుడూ కట్టేటప్పుడూ మాత్రమే ఆ భాగానికి పని ఉంటుందని దీనికి అర్థం చెప్పుకోవచ్చు. ఏ వరుసను మూట కట్టాలో, దేన్ని వదిలేయాలో తేల్చడంలో డోపమిన్ అనే రసాయనం తోడ్పడుతుంది. సాధారణంగా దీన్ని ఆనందపు రసాయనం అంటుంటారు గానీ, వోల్ఫ్రమ్ షుల్ట్స్ కోతుల మీద చేసిన ప్రయోగాలు చెప్పింది అంతకన్నా సూక్ష్మమైన సంగతి: ఆశించినదాని కంటే ఎక్కువ దక్కితే డోపమిన్ కణాలు చురుకవుతాయి, ఆశించినంతే దక్కితే మామూలుగా ఉంటాయి, ఆశించినది దక్కకపోతే నెమ్మదిస్తాయి.

ఇక నేర్చుకునే క్రమం సంగతి. సైకిలు నేర్చుకున్న మొదటి రోజు ప్రతి పనికీ ఒక ఆజ్ఞ కావాలి: చూపు ముందుకు, హ్యాండిలు గట్టిగా బిగించవద్దు, బ్రేకు వేళ్ల దగ్గరే ఉండాలి. వెనుక పట్టుకుని పరుగెత్తే అన్నయ్య ఈ ఆజ్ఞలు అరుస్తూనే ఉంటాడు. రెండో దశలో ఆజ్ఞలు తగ్గి, తప్పులు వాటంతటవే సర్దుకుంటాయి. మూడో దశలో వెనుక కూర్చున్న చెల్లెలితో కబుర్లు చెబుతూ తొక్కవచ్చు. పాల్ ఫిట్స్, మైఖేల్ పోస్నర్ 1967లో ఈ మూడు దశలను శాస్త్రపరిభాషలో వివరించారు. అయితే మూడో దశకు చేరడం నేర్చుకోవడానికి ముగింపు కాదు. చుట్టలు తయారుచేసే కార్మికుల వేగం ఏళ్ల తరబడి, లక్షల చుట్టల తర్వాత కూడా పెరుగుతూనే ఉందని క్రాస్‌మన్ అనే పరిశోధకుడు 1959లో చూపించాడు. మొదట పెద్ద పెద్ద అంగలు, పోనుపోను చిన్న చిన్న అడుగులు, కానీ చాలాకాలం వరకు ఆగిపోదు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇళ్లలో దీన్ని కళ్లారా చూడవచ్చు. తునికాకును కత్తిరించడం, పొగాకు పోసి చుట్టడం, దారం కట్టి కొన మడవడం, ఇవన్నీ పక్కవాళ్లతో మాట్లాడుతూనే, చేతివైపు చూడకుండానే జరిగిపోతాయి. కూలి వెయ్యి బీడీల లెక్కన కాబట్టి ఆ వేగం వారికి కళ కాదు, బతుకు. దాన్ని ముచ్చటగా వర్ణించే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవడం మర్యాద.

సాధన ఎలా చేస్తే నిలుస్తుందన్నది అంత సూటిగా తేలే ప్రశ్న కాదు. కర్ణాటక సంగీతంలో సరళీ స్వరాలను మాయామాళవగౌళలో మొదటి కాలంలో మెల్లగా, ఆపై రెండో కాలంలో, మూడో కాలంలో పాడిస్తారు. మెల్లగా పాడేటప్పుడు తప్పును పట్టుకుని సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది, వేగం పెరిగాక ఆ వ్యవధి ఉండదు కాబట్టి అప్పటికే వరుస కుదిరి ఉండాలి. ప్రయోగశాలలు పుట్టకముందే గురువులు పట్టుకున్న సంగతి ఇది. దీనికి పూర్తిగా తోడు రాని మరో సంగతి కూడా ఉంది. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గాన్ చేసిన ప్రయోగంలో, మూడు రకాల చేతి కదలికలను ఒక్కొక్కటిగా పూర్తిచేస్తూ నేర్చుకున్నవాళ్లు సాధన సమయంలో బాగా చేశారు. మూడింటినీ కలగాపులగంగా నేర్చుకున్నవాళ్లు సాధనలో వెనుకబడ్డారు, పది రోజుల తర్వాత పరీక్షిస్తే మాత్రం వీళ్లదే పైచేయి అయింది. సాధన సాఫీగా సాగుతోందంటే బాగా వస్తోందనే నమ్మకం కలుగుతుంది, ఆ నమ్మకం తరచూ మోసం చేస్తుంది. ఒకే పాఠాన్ని నలభై సార్లు చేయించి, తప్పు లేదు కదా అని మురిసే తల్లిదండ్రులకూ శిక్షకులకూ ఇది కొంచెం రుచించని మాట.

నిద్ర పాత్ర గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మాథ్యూ వాకర్ బృందం 2002లో వేళ్లతో ఒక అంకెల వరుసను మీటల మీద వేగంగా కొట్టడం నేర్పి చూస్తే, రాత్రి నిద్రపోయి లేచినవారి వేగం అదనపు సాధన లేకుండానే సుమారు 20 శాతం పెరిగింది. అంతే సమయం మెలకువగా గడిపినవారిలో అలాంటి పెరుగుదల చెప్పుకోదగ్గంతగా లేదు. ఈ పెరుగుదలలో కొంత భాగం సాధన చివర వచ్చిన అలసట తీరడం వల్లనే కావచ్చని తర్వాత కొందరు అభ్యంతరం చెప్పారు, ఆ చర్చ ఇంకా సాగుతోంది.

ఇంతవరకూ చెప్పినది లాభం. మూట కట్టడానికి ఒక ధర కూడా ఉంది: మూటలో ఏముందో యజమానికి కనబడదు. బాగా టైపు చేయడం వచ్చినవారిని ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి అక్షరాలు ఎక్కడెక్కడున్నాయో రాయమంటే, సగటున 15 అక్షరాలకు మించి సరిగా పెట్టలేకపోయారని 2014లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక అధ్యయనం చూపింది. వాళ్లంతా నిమిషానికి సగటున 70కి పైగా మాటలు కొట్టగలిగినవాళ్లు. మన డీటీపీ కేంద్రాలలో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో, యాపిల్ కీబోర్డు పద్ధతిలో తెలుగు కొట్టినవాళ్లకు యూనికోడ్ వచ్చాక ఇన్‌స్క్రిప్ట్ అనే మరో కీబోర్డు పద్ధతి నేర్చుకోవడం కొత్తవాళ్ల కంటే కష్టమనిపించడానికి కారణం ఇక్కడే ఉంది. కొత్తవాళ్లు నేర్చుకుంటే చాలు, వీళ్లు ముందు పాత వేలికి అడ్డుపడాలి. ఆ పాత వేలు ఎక్కడికి పోతోందో పోయాక గానీ వాళ్లకు తెలియదు.

మాతృభాష దీనికి మరింత లోతైన ఉదాహరణ. "ఇల్లు" అనే మాటకు "లో" చేర్చమంటే నాలుగేళ్ల పిల్ల కూడా "ఇంట్లో" అంటుంది, "కాలు" ఒకటి కంటే ఎక్కువైతే "కాళ్లు" అంటుంది, "పుస్తకం" "పుస్తకాలు" అవుతుంది. ఎందుకని అడిగితే ఆ పిల్లకే కాదు, వ్యాకరణం చదవని పెద్దలకూ జవాబు ఉండదు. మైఖేల్ ఉల్‌మన్ వంటి పరిశోధకులు మాటలు విషయ స్మృతి మీద, వాటిని కూర్చే పద్ధతి నైపుణ్య స్మృతి మీద ఎక్కువగా ఆధారపడతాయని ప్రతిపాదించారు. అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం కాదిది. అయినా అమెరికాలో పెరిగిన పిల్లలు వారాంతపు తెలుగు తరగతిలో నేర్చిన సూత్రాన్ని పరీక్షలో సరిగ్గా రాసి, అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు తప్పడం చూసినవారికి, సూత్రం తెలియడానికీ నోరు తిరగడానికీ మధ్య ఉన్న దూరం ఏమిటో అర్థమవుతుంది.

నేర్పేవారికి ఈ ధర బాగా తెలుసు. అరిసెల పాకం ఎంతసేపు పట్టాలని అడిగితే ఏ పెద్దావిడా నిమిషాల్లో చెప్పదు. నీళ్ల పళ్లెంలో చుక్క వేసి, వేలితో దగ్గరకు తెస్తే ఉండ కట్టాలి అంటుంది. నిజానికి ఇది చాలా తెలివైన బోధన. చేతిలో ఉన్న జ్ఞానాన్ని మాటల్లోకి దించలేనప్పుడు, నేర్చుకునేవారి కంటికీ వేలికీ అందే ఒక ఆనవాలును ఆమె చూపిస్తోంది. "ఉప్పు ఎంత వేయాలి?" అంటే "సరిపడా" అనే జవాబు విసుగు తెప్పించవచ్చు గానీ, అది దాపరికం కాదు. మూట విప్పలేకపోవడం.

విప్పాలని బలవంతంగా ప్రయత్నిస్తే పని చెడుతుంది. సియాన్ బీలాక్ బృందం 2002లో అనుభవజ్ఞులైన గోల్ఫ్ ఆటగాళ్లను తమ కర్ర కదలికను గమనించుకుంటూ బంతి కొట్టమని ఒకసారి, వినిపించే శబ్దాలను గమనిస్తూ కొట్టమని ఒకసారి అడిగింది. తమ కదలికను గమనించుకున్నప్పుడే గురి తగ్గింది. ఇంటర్వ్యూలోనో వేదిక మీదనో అందరూ చూస్తున్నారన్న స్పృహ కలగగానే నడక కూడా మొద్దుబారినట్టు అనిపించడం ఇలాంటిదే. రోజూ కళ్లు మూసుకుని వేసే చుక్కల ముగ్గును ఎవరో వీడియో తీస్తుండగా వేయవలసి వస్తే మెలిక ఎక్కడ తిరగాలో తోచకపోవడమూ ఇలాంటిదే.

రోజువారీ పనుల దగ్గరకు వచ్చేసరికి ఈ ధర ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఊరికి బయలుదేరి బస్సు ఎక్కాక "తలుపు తాళం వేశానా?" అన్న సందేహం రాని ఇల్లు తెలుగునాట ఉండకపోవచ్చు. చాలాసార్లు తాళం వేసే ఉంటుంది. సంఘటనలను గుర్తుపెట్టుకునే విషయ స్మృతికి మన దృష్టి కావాలి, తాళం వేస్తున్నప్పుడు ఆ దృష్టి రిజర్వేషను మీదో పెట్టెల లెక్క మీదో ఉంటుంది. చేయి తన పని తాను చేసింది, సాక్షి అక్కడ లేడు. పైగా నిన్న, మొన్న, అటు మొన్న వేసిన తాళాలన్నీ ఒకేలా ఉండటం వల్ల, గుర్తొచ్చే దృశ్యం ఏ రోజుదో తేల్చుకోలేం. వయసు మీద పడి మతిమరుపు వస్తోందని చాలామంది దీన్ని చూసి కంగారుపడతారు. దీనితోనే కంగారు పడనక్కరలేదు, ఇది పని బాగా అలవాటైందన్నదానికి గుర్తు. జపాన్ రైల్వే సిబ్బంది సిగ్నలు చూసినప్పుడు దానివైపు వేలు చూపి, దాని స్థితిని పైకి పలుకుతారు. మన రైళ్లలోనూ లోకో పైలట్, సహాయ లోకో పైలట్ సిగ్నలు రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకుంటారు. అలవాటైన చూపును మళ్లీ స్పృహలోకి లాగే ఉపాయం అది. "ఈ రోజు మంగళవారం, తాళం వేశాను" అని గుమ్మం ముందు పైకి అనుకోవడం కూడా అలాగే పనిచేస్తుంది, పక్కింటివాళ్లు నవ్వినా సరే.

అలవాటు మన ఇష్టాన్ని దాటి నడవడం మరింత చిక్కైన సంగతి. 1980ల తొలినాళ్లలో కేంబ్రిడ్జ్‌లో క్రిస్టఫర్ ఆడమ్స్, ఆంథొనీ డికిన్సన్ ఎలుకలకు మీట నొక్కితే తీపి గుళిక వచ్చేలా నేర్పి, ఆ తర్వాత ఆ గుళిక తింటే కడుపులో వికారం కలిగేలా చేశారు. కొద్దిగా శిక్షణ పొందిన ఎలుకలు మీట నొక్కడం బాగా తగ్గించాయి. చాలాకాలం శిక్షణ పొందినవి, ఆ గుళిక అంటే వెగటు పుట్టినా, నొక్కుతూనే ఉన్నాయి. వాటిని నడిపిస్తున్నది ఫలితం కాదు, ఎదురుగా ఉన్న మీట. ఆదివారం పెళ్లికని బయలుదేరి ఆఫీసు దారి పట్టించే స్కూటరుకూ, చూడటానికి ఏమీ లేదని తెలిసినా ఫోన్ తెరిచే బొటనవేలికీ ఇదే వివరణ. అందుకే అలవాటు మానాలంటే మనసును ఒప్పించడం కంటే ఎదురుగా ఉన్న మీటను తీసేయడం ఎక్కువ పనిచేస్తుంది. కొత్త అలవాటు 21 రోజుల్లో కుదురుతుందన్న వాట్సాప్ సూక్తికి మూలం 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ తన రోగులు కొత్త ముఖానికి అలవాటుపడటం గురించి రాసిన మాట. 2010లో లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనిస్తే మధ్యస్థంగా 66 రోజులు పట్టినట్టు, మనిషినీ పనినీ బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని అంచనా వచ్చింది. 12 వారాల అధ్యయనంలో 254 రోజులు ఎలా వచ్చాయని అడిగితే, అది పెరుగుదల గీతను ముందుకు పొడిగించి వేసిన లెక్క అని గుర్తుంచుకోవాలి. మన మండల దీక్షలకు 41 రోజులు. దాన్ని ఈ లెక్కలతో ముడిపెట్టి శాస్త్రీయం అనడం తొందరపాటే అవుతుంది.

ఈ రెండు స్మృతుల తేడా ఇళ్లల్లో నిజంగా తెలిసొచ్చేది వృద్ధాప్యంలో. అల్జీమర్స్ వ్యాధి సాధారణంగా హిప్పోక్యాంపస్ పరిసరాల్లో మొదలవుతుంది. ఉదయం తిన్నది గుర్తులేని మనిషి, కొడుకును తమ్ముడి పేరుతో పిలిచే మనిషి, చేతికి మల్లెలూ దారమూ ఇస్తే మాల కట్టగలగడం వ్యాధి తొలి, నడిమి దశల్లో అరుదేమీ కాదు. బ్రిటిష్ సంగీతకారుడు క్లైవ్ వేరింగ్‌కు 1985లో మెదడువాపు వచ్చి జ్ఞాపకం కొద్ది క్షణాలకు కుదించుకుపోయింది, అయినా పియానో ముందు కూర్చుంటే వాయించగలిగేవాడు. పార్కిన్సన్స్‌లో కథ తిరగబడుతుంది. స్ట్రయాటమ్‌లో అలవాట్లను నడిపే భాగానికే డోపమిన్ ముందుగా, ఎక్కువగా తగ్గుతుంది. అన్నీ గుర్తుంటాయి, నడక మాత్రం మరచినట్టవుతుంది, ప్రతి అడుగూ ఆలోచించి వేయవలసి వస్తుంది. అలాంటి వ్యక్తి గడప దగ్గర కదలలేక ఆగిపోయినప్పుడు నేలమీద అడ్డంగా గీతలు గీసి, ఒక్కో గీతను దాటమంటే చాలాసార్లు నడవగలుగుతారు. పాడైన దారిని వదిలి, చూపు ద్వారా మరో దారిన కాలికి ఆజ్ఞ అందుతుంది. నడుస్తున్నవారితో అదే సమయంలో కబుర్లు చెప్పకూడదని ఫిజియోథెరపిస్టులు అంటే అది విసుగుతో కాదు, నడకకూ మాటకూ ఇప్పుడు ఒకే దృష్టి సరిపెట్టాలి కాబట్టి.

జ్ఞాపకం దెబ్బతిన్నవారికి కొత్తగా ఏదైనా నేర్పాలంటే మరో జాగ్రత్త ఉంది. మనం తప్పు చేసి నేర్చుకుంటాం, ఎందుకంటే చేసినది తప్పని మన విషయ స్మృతి గుర్తుంచుకుని మరుసటిసారి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చేసేది లేనప్పుడు, చేతికి తెలిసిందల్లా తాను నిన్న ఎటు వెళ్లిందన్నదే, కాబట్టి తప్పు కూడా సాధనగానే లెక్కకు వస్తుంది. 1994లో అలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ మతిమరుపు రోగులకు ఊహించి తప్పులు చేసే అవకాశం ఇవ్వకుండా, మొదటి నుంచీ సరైన జవాబే అందిస్తూ నేర్పితే వారు మెరుగ్గా నేర్చుకున్నారు. అందుకే అలాంటి పెద్దాయనకు కొత్త ఫోన్ ఇచ్చి "మీరే చూడండి నాన్నా, అదే వస్తుంది" అనడం కంటే, కొన్నాళ్ల పాటు రోజూ అదే కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన వేలు పట్టుకుని, పచ్చమీట ఒక్కదాని మీదే నొక్కించడం మంచిది. ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్పారో ఆయనకు గుర్తుండకపోవచ్చు. ఫోన్ మోగినప్పుడు వేలు అటే వెళ్తుంది.